చదువుకొను వేళ వినదగిన సంగీతము

పరీక్షల దినములు సమీపించినపుడు మన గ్రామములలో అనేక గృహములందు ఒక వివాదము తలయెత్తును. అది గట్టు తగవు కాదు, నీటి తగవు కాదు. కనుక పంచాయతీ వరకు రాదు. ఇంటిలో పుట్టి ఇంటిలోనే సాగును. పదవ తరగతి చదువు పిల్లవాడు పుస్తకము ముందుంచుకొని, చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుండును. తండ్రి చూచి "పాటలు వింటూ చదువేమిట్రా?" అని గద్దించును. "పాట ఉంటేనే నాకు చదువు బుర్రకెక్కుతుంది నాన్నా" అని కొడుకు బదులు చెప్పును. వాడు పుస్తకము ముందు కూర్చున్నాడు, అదే పదివేలు అని తల్లి ఊరకుండును.

ఈ తగవులో తీర్పు చెప్పవలసి వచ్చినచో మీరేమి చెప్పుదురు? తండ్రి పక్షమే న్యాయమని మనలో చాలమందికి తోచును. కాని విషయము అంత సులభము కాదు. గడచిన ఏబది సంవత్సరములుగా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు దీనిని పలు విధముల పరీక్షించినారు. వారు తేల్చిన సంగతులలో కొన్ని తండ్రికి బలము చేకూర్చును, కొన్ని కొడుకును సమర్థించును. ఒకటి రెండు మాత్రము నేరుగా పంచాయతీ సభ్యులకే తగులును. వానిని చివర ప్రస్తావింతుము.

పనియు పాటయు

మనము 'పనిపాటలు' అని ఆ రెండు మాటలను జంటగా పలుకుదుము. సోమరిని పనీపాటా లేనివాడందుము. ఆ జంటలోని 'పాట' పాటుపడుటలోని 'పాటు' నుండి వచ్చినదైనను కావచ్చును. మన పొలములలో మాత్రము పనియు పాటయు నిజముగానే కలిసి నడచినవి. నాట్లు వేయునపుడు, కలుపు తీయునపుడు, రోకటితో ధాన్యము దంచునపుడు, ఏతము తొక్కునపుడు మనవారు పాడుకొనిరి. పదిమంది చేతులు ఒక్క లయలో కదలుటకు పాట తోడ్పడెను, అలసటను మరపించెను. ఇట్టి అనుభవము గల జాతికి, పాట వలన పని చెడునని ఎవరైన చెప్పినచో నమ్మశక్యము కాదు.

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమున మేము ఈ మాటయే ఒక వృద్ధురాలితో ముచ్చటించితిమి. ఆమె వయస్సులో నున్నపుడు నాట్లకు పోయిన మనిషి. "పాట లేకపోతే నడుం నొప్పి తెలుస్తుంది బాబూ. పాటుంటే పొద్దు గడిచిందే తెలవదు" అని ఆమె చెప్పెను. మేము మరియొక ప్రశ్న వేసితిమి: "సాయంత్రం కూలి డబ్బులు లెక్కపెట్టుకొనేటప్పుడు కూడా పాడేవారా అమ్మా?" ఆమె నవ్వెను. "అప్పుడు పాటెక్కడిది? ఎవరన్నా పలకరిస్తేనే లెక్క తప్పుద్ది. నోర్మూసుకుని లెక్కెట్టుకుంటాం."

శాస్త్రజ్ఞులు అనేక ప్రయోగములు చేసి చెప్పిన దానిలో సగము ఈ రెండు సమాధానములలోనే ఉన్నది. చేతులతో చేయు పనికి పాట తోడు. మాటలతోను అంకెలతోను మనస్సు చేయు పనికి అదే పాట అడ్డు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు రేడియో సంస్థ బీ.బీ.సీ., ఫ్యాక్టరీ కార్మికుల కొరకు 1940 జూన్ 23వ తేదీన ఒక సంగీత కార్యక్రమమును ఆరంభించెను. పని చేయుచు వినుటకే దానిని ఏర్పరచిరి. గంటల తరబడి ఒకే యంత్రము ముందు ఒకే పని చేయువారికి విసుగు తగ్గించుట దాని ఉద్దేశము. అది 1967 వరకు సాగెను. అక్కడ కూడ ఏ పాటయైనను పనికివచ్చునని వారు భావింపలేదు. నడుమ నడుమ చప్పట్లు చరచవలసిన ఒక అమెరికా పాట ఆ రోజులలో విశేష ప్రచారములో నుండెను. అది వినిపించినచో కార్మికులు చేతిలోని పనిముట్లు విడిచి చప్పట్లు చరతురని తలచి, పని వేళలలో దానిని ప్రసారము చేయరాదని నిషేధించిరి. చేతిపనికి సైతము పాటను ఎంచుకొని వినిపింపవలసి వచ్చినది. చదువునకు ఇంకెంత ఎంచవలెనో ఆలోచింపుడు.

లోపలి గొంతు

చిన్నపిల్లలు మొదట బిగ్గరగా చదువుదురు. కొంత కాలమునకు గొంతు తగ్గించి పెదవులు మాత్రము కదల్తురు. తరువాత పెదవులును కదలవు. మనము దానిని మౌనముగా చదువుట అందుము. కాని పెదవులు ఆగినను లోపలి గొంతు ఆగదు. చదువుచున్న మాటలను అది లోలోన పలుకుచునే యుండును. ఎవరైన ఒక ఫోను నంబరు చెప్పినపుడు, కాగితము దొరకునంతవరకు దానిని మనస్సులో మరల మరల అనుకొనుచుందుము గదా. ఆ అనుకొను గొంతే ఇది. పద్యము కంఠస్థము చేయునపుడును, రాజుల వరుస గుర్తుంచుకొనునపుడును, సుదీర్ఘమైన వాక్యము మొదలు మరువక చివరకు వచ్చునపుడును విద్యార్థి ఈ గొంతు మీదనే ఆధారపడును.

చెవికి తలుపు లేదు. కన్ను మూసికొనవచ్చును గాని చెవి మూసికొన లేము. వినవలెనని తలచకున్నను బయటి మాట లోనికి వచ్చి ఈ లోపలి గొంతుతో తొక్కిసలాడును. 1976లో అమెరికాలో కోల్, వెల్ష్ అను ఇరువురు పరిశోధకులు విద్యార్థులకు కొన్ని అక్షరములను చూపి వరుసగా గుర్తుంచుకొనుడని చెప్పిరి. అదే సమయమున ప్రక్కన జర్మను భాషలో ఏదో చదివి వినిపించిరి. ఆ విద్యార్థులకు జర్మను రాదు. వినిన దానిని లక్ష్యపెట్టవలదని కూడ వారికి ముందే చెప్పిరి. అయినను నిశ్శబ్దములో కంటె ఎక్కువ తప్పులు వచ్చినవి. అర్థము కాని మాట సహితము అడ్డు వచ్చుచున్నదన్న మాట! 'ఆ పాట హిందీది, నాకు హిందీ రాదు, కనుక నాకేమియు కాదు' అను మన పిల్లల వాదము దీనితో వీగిపోవుచున్నది.

ఆ పిమ్మట 1989లో సలామె, బాడ్లీ అనువారు సంగీతముతోనే పరీక్షించిరి. అంకెల వరుసను గుర్తుంచుకొనవలసిన వారికి ఒకమారు గానము, ఒకమారు కేవల వాద్యసంగీతము వినిపించిరి. గానము వలన నష్టము ఎక్కువగాను, వాద్యసంగీతము వలన తక్కువగాను కనబడెను. తక్కువయే గాని, నష్టము లేకపోలేదు.

తండ్రికొడుకుల వివాదమునకు సూటిగా సంబంధించిన ప్రయోగము వేల్సు దేశములోని కార్డిఫ్ నగరమున జరిగినది. పెర్హాం, విజార్డ్ అనువారు దానిని 2011లో ప్రకటించిరి. వారు విద్యార్థులకు ఇష్టమైన సంగీతమును, బొత్తిగా ఇష్టము లేని సంగీతమును రెండింటిని వినిపించుచు జ్ఞాపకశక్తిని పరీక్షించిరి. ఇష్టమైనది మేలు చేయునని మనమందరము ఊహింతుము. రెండును ఇంచుమించు సమానముగానే అడ్డు వచ్చినవి. అదే ప్రయోగములో 'మూడు, మూడు, మూడు' అని ఒకే అంకెను మార్పు లేకుండ పలికించినపుడు మాత్రము నిశ్శబ్దమునకును దానికిని చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. కావున చెడుపు చేయునది ధ్వని కాదు, ధ్వనిలోని మార్పు. సీలింగు ఫ్యాను హోరు, ఎడతెగక కురియు వాన చప్పుడు, దూరముగా ఏకరీతిని నడచు మోటారు శబ్దము చదువును పెద్దగా బాధింపవు. క్షణక్షణము మారు ధ్వని, అందును మాటతో కూడినది, బాధించును.

ఇది పుస్తకములలోని మాట యని కొట్టివేయవలదు. రాబోవు పంచాయతీ సమావేశము ముగిసిన వెనుక ఐదు నిమిషములు కూర్చుండి మీరే పరీక్షించి చూడవచ్చును. ఒక సభ్యుడు తొమ్మిదేసి అంకెల వరుసలు పదింటిని కాగితముపై వ్రాసి ఉంచవలెను. ఒక్కొక్క వరుసను మిగిలినవారికి పది లెక్కించునంతసేపు చూపి, మరుగుచేసి, ఇంకొక పది లెక్కించిన తరువాత జ్ఞాపకమున్నంత వరకు వ్రాయుమనవలెను. ఐదు వరుసలకు గది నిశ్శబ్దముగా నుండవలెను. ఐదు వరుసలకు ఫోనులో అందరికిని తెలిసిన సినిమా పాట మ్రోగవలెను. ఆపై తప్పులు లెక్కింపుడు. ఒకరిద్దరికి భేదము కనబడకపోవచ్చును. మనుష్యులందరు ఒక్క తీరున నుండరు. అందరి తప్పులను కలిపి చూచిన పిమ్మట మాట్లాడుకొనుడు.

మొజార్టు కథ

ఇంతవరకు తండ్రి పక్షము గెలిచినట్లున్నది. అయితే సంగీతము వినిన తెలివి పెరుగునని మీరు పత్రికలలోనో, ఎవరి నోటనో వినియుందురు. ఆ మాట ఎట్లు పుట్టినదో చెప్పుట మంచిది.

1993లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 36 మంది విద్యార్థులకు పది నిమిషములు మొజార్టు అను ఆస్ట్రియా దేశపు స్వరకర్త రచించిన పియానో సంగీతమును వినిపించిరి. వెంటనే, కాగితమును మడచి కత్తిరించినచో విప్పినపుడు ఎట్లుండునో ఊహించుట వంటి చిక్కులు ఇచ్చిరి. నిశ్శబ్దముగా కూర్చున్న వారికంటె వీరు బాగుగా చేసిరి. ఆ మేలు నిలిచినది పది పదునైదు నిమిషములు మాత్రమే. ఈ చిన్న సంగతి పత్రికలలో పడి పెనుభూతమాయెను. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి శిశువునకు శాస్త్రీయ సంగీతపు రికార్డు పంచుటకు బడ్జెటులో 1,05,000 డాలర్లు కేటాయింపవలెనని ప్రతిపాదించెను. తరువాత ఇతరులు ఆ ప్రయోగమును మరల మరల చేసి చూచిరి. 2010లో వియన్నా విశ్వవిద్యాలయమువారు సుమారు నలుబది పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించి, మొజార్టు సంగీతమునకు ప్రత్యేకమైన మహిమ ఏదియు లేదని తేల్చిరి. మొజార్టు పుట్టి పెరిగిన దేశమువారే ఈ మాట చెప్పుట గమనింపదగినది.

అయినను మొదటి ప్రయోగములో కనబడిన ఆ కొంచెపు మేలు ఎక్కడిది? కెనడాకు చెందిన షెల్లెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దీనికి సమాధానము వెదకిరి. సంగీతమునకు బదులు ఒక కథ వినిపించి చూచిరి. కథను ఇష్టపడిన వారికి కథ వలన అట్టి మేలే కలిగెను. అనగా మనస్సు ఉల్లాసముగను మేలుకొనియు నున్నపుడు పని బాగుగా సాగును. ఆ ఉల్లాసము సంగీతము వలన వచ్చినను సరియే, కథ వలన వచ్చినను సరియే. మన ఊరిలో హరికథ వినిన వారికి వచ్చినను ఆశ్చర్యము లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయమును ఎక్కువమంది గమనింపరు. ఆ విద్యార్థులు సంగీతము వినినది పరీక్షకు ముందు. పరీక్ష వ్రాయుచు వినలేదు. కొడుకు చెప్పు మాటలోని సత్యము ఇచ్చటనే ఉన్నది. పాట వలన వాని మనస్సు తేలిక పడుచున్నది, పుస్తకము ముందు కూర్చుండుటకు ఓపిక వచ్చుచున్నది. ఆ మేలును వాడు నిజముగానే అనుభవించుచున్నాడు. దానిని బొంకు అనరాదు. చదువు ఆరంభింపకముందు ఒక పది నిమిషములు, నడుమ విశ్రాంతిలో ఒక పది నిమిషములు తనకిష్టమైన పాట ఏదైనను విననిండు. సినిమా పాట యైనను మానె. పుస్తకము తెరచిన పిమ్మట ఆ పాట ఆగవలెను.

ఏ చదువునకు ఏ సంగీతము

చదువంతయు ఒక్క తీరున నుండదు. పాఠము చదివి అర్థము చేసికొనుట, ప్రశ్నలకు జవాబులు జ్ఞాపకముంచుకొనుట, పద్యము వల్లించుట, తెలియని లెక్కకు దారి వెదకుట – వీనికి నిశ్శబ్దమును మించిన సంగీతము లేదు. జర్మనీ పరిశోధకులు 2011లో ఈ విషయముపై వెలువడిన ప్రయోగములను చాలవరకు కూడగట్టి చూచినపుడు, నేపథ్య సంగీతము చదువుటకు అడ్డు వచ్చుననియు, జ్ఞాపకమును కొంచెము తగ్గించుననియు, మనస్సునకు మాత్రము ఉత్సాహమిచ్చుననియు కనబడెను.

దేశపటము గీచి రంగులు వేయుట, సైన్సు బొమ్మలు దించుట, రికార్డు పుస్తకమును శుభ్రముగా తిరుగ వ్రాయుట, పుస్తకములకు అట్టలు వేయుట మొదలగునవి చేతిపనికి దగ్గరివి. వచ్చిన లెక్కలనే అలవాటు కొరకు మరల చేయుటను కూడ కొందరి విషయమున ఇందులో చేర్చవచ్చును. ఈ పనులు నాట్లు వేయుట వంటివి. విసుగే వీనికి శత్రువు. వీనికి సంగీతము తోడుండిన తప్పు లేదు.

అపుడైనను దేనిని ఎంచుకొనవలెను? ఇచ్చట మా అభిప్రాయములు కొన్ని కలవు. పాఠకులు సంగీత రసికులైనచో అంగీకరింపకపోవచ్చును.

మొట్టమొదట, మాటలు లేని సంగీతము కావలెను. వీణ, వేణువు, వయొలిన్ శ్రేష్ఠములు. మనవారిలో ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల వీణ, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ రికార్డులు నేడు సెల్‌ఫోనులో సులభముగ లభించుచున్నవి. నాదస్వరము దేవుని ఊరేగింపునకును, పెండ్లి పందిరికిని పుట్టిన వాద్యము; కరవది గ్రామమున జన్మించిన షేక్ చినమౌలానా వంటి మహావిద్వాంసుని నాదస్వరమును చదువు వెనుక నేపథ్యముగా పెట్టుట చదువునకును మేలు కాదు, ఆయనకును మర్యాద కాదు. మృదంగముతో తని ఆవర్తనము వచ్చు భాగమును కూడ విడువవలెను. అచట లెక్కలన్నియు మృదంగమువే యగును, పిల్లవాని లెక్కలు నిలిచిపోవును. చిట్టిబాబు వీణపై కోయిల కూతను పలికించునపుడు ఏ పెన్సిలైనను ఆగి తీరును. అట్టి వానిని విశ్రాంతి సమయమున కన్నులు మూసికొని వినవలెను. నెమ్మదిగా, ఒకే నడకలో సాగు రాగాలాపన పని వెనుక ఉండుటకు తగినది.

రెండవది, సినిమా పాటనే వీణ మీదనో వేణువు మీదనో వాయించినది మాటలు లేనిదిగా పైకి కనబడును. కాని పాట తెలిసిన వానికి మాటలు లోపలనే పలుకును. వాద్యము స్వరమందించును, లోపలి గొంతు సాహిత్యమందించును. చదువునకు కావలసిన గొంతు పాటకు పోయినది! కావున సాహిత్యము తెలియని కృతియో, సాహిత్యమే లేని ఆలాపనయో మేలు. బాగుగా అలవాటైనదానినే ప్రతిదినము వినుట మంచిది. క్రొత్తది తనవైపు లాగును.

ఫలానా రాగము జ్ఞాపకశక్తిని పెంచుననియు, ఫలానా రాగము గణితమునకు మంచిదనియు చెప్పి రికార్డులు అమ్మువారు ఉన్నారు. మొజార్టు కథ చదివిన మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

సెల్‌ఫోను గురించి ఒక్క మాట. ఉచితముగా వినిపించు యాప్‌లలో పాటకును పాటకును నడుమ ప్రకటనలు వచ్చును. వీణ ఆగి ఎవడో సబ్బు అమ్ముకొనును. పాటతో బాటు సందేశములు, ఆటలు, బొమ్మలు చేయి చాచిన దూరములో నుండును. సంగీతమును ముందే దించి ఉంచి, ఇంటర్నెట్టును ఆపి, ఫోనును ప్రక్క గదిలోనో గూటిలోనో పెట్టి చిన్న స్పీకరుపై తక్కువ ధ్వనితో వినుట ఇయర్‌ఫోన్ల కంటె మంచిది. ఇయర్‌ఫోన్లే పెట్టుకొనవలసి వచ్చినచో, ప్రక్కన కూర్చున్నవారు మామూలు గొంతుతో పిలిచిన వినబడునంత తక్కువగా నుంచవలెను. పిల్లలు వారమునకు 40 గంటలు వినినచో 75 డెసిబెల్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అంతకు మించి హెచ్చుగను, ఎక్కువ కాలమును వినినచో వినికిడి శక్తియే తగ్గును.

ఇక పంచాయతీ మాట

పైన చెప్పిన కృష్ణా డెల్టా గ్రామములోనే పదవ తరగతి చదువు ఒక బాలికను, "అమ్మాయీ, ఇంత పెద్దగా పాటలు వింటూ ఎలా చదువుతావు?" అని మేము అడిగితిమి. ఆ పిల్ల చెప్పిన సమాధానము మమ్ము సిగ్గుపరచినది. "పాటల కోసం కాదండీ. ఇక్కడ టీవీ, అక్కడ మైకు. ఇవి పెట్టుకుంటే అవి వినపడవు." ఆమెది ఒంటి గది ఇల్లు. వీధి చివర స్తంభమునకు కట్టిన లౌడు స్పీకరు ఆ ఇంటి కిటికీకి ఎదురుగా నుండెను. ఆ దినము ఎవరి ఇంటనో శుభకార్యము. ఆ బాలిక సంగీతమును ఎంచుకొనలేదు. రెండు చప్పుళ్లలో తన చేతిలో నున్న దానిని ఎంచుకొన్నది.

ఇన్ని పుటలు ఏ సంగీతము వినవలెనని వ్రాసితిమి గాని, ఎంచుకొను భాగ్యము గల పిల్లలకే అది ఉపయోగపడును. తక్కిన పిల్లలకు ఏమి వినబడవలెనో ఊరు నిర్ణయించుచున్నది.

న్యూయార్కు నగరములోని ఒక పాఠశాల ప్రక్కనుండి ఎత్తైన వంతెనపై రైళ్లు కొలది నిమిషములకొకటి చొప్పున పోవుచుండెడివి. ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరుడు 1975లో ఆ పాఠశాల పిల్లల చదువును పరిశీలించిరి. ఒకే భవనము. రైలు వైపు గదులలోని పిల్లలు, రెండవ వైపు గదులలోని పిల్లలకంటె చదువుటలో వెనుకబడియుండిరి. ఆరవ తరగతికి వచ్చుసరికి ఆ వెనుకబాటు ఇంచుమించు ఒక విద్యా సంవత్సరమంత ఉండెను. అధికారులు తరువాత పట్టాల క్రింద రబ్బరు మెత్తలు వేయించిరి. తరగతి గదుల పైకప్పులకు ధ్వనిని పీల్చు పలకలు అమర్చిరి. 1981లో ఆమె మరల వచ్చి పరీక్షించినపుడు రెండు వైపుల పిల్లలకును భేదము లేకుండెను. పిల్లలు మారలేదు, ఉపాధ్యాయులకు క్రొత్త శిక్షణ ఇచ్చినవారు లేరు. చప్పుడు తగ్గినది.

మన చట్టములో దీనికి ఆధారము కలదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము 2000వ సంవత్సరమున శబ్ద కాలుష్య నియమావళిని రూపొందించినది. దాని ప్రకారము లౌడు స్పీకరు వాడుటకు వ్రాతపూర్వకమైన అనుమతి ఉండవలెను. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట వాడరాదు. పండుగల నిమిత్తము సంవత్సరమునకు 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. నివాస ప్రాంతములలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెల్లకు మించరాదు. 2005 జూలై 18వ తేదీన సుప్రీము కోర్టు, మాటలాడు హక్కు ఒకరికున్నట్లే వినకుండు హక్కు మరియొకరికి కలదని స్పష్టము చేసినది.

అయితే చట్టము అన్ని గంటలకు రక్ష కాదు. మన పిల్లలు చదువుకొను గంటలు రెండు. ఒకటి తెల్లవారుజామున నాలుగు మొదలు ఆరు వరకు. ఈ వేళకు చట్టము అండగా నున్నది. ప్రార్థనామందిరము ఏ మతమునకు చెందినదైనను, ఆరు గంటలకు ముందు బయటి స్పీకరు మ్రోగరాదు. దీనిని పోలీసులచే చెప్పించుటకంటె సర్పంచియు, ఊరి పెద్దలును పోయి ముందు చెప్పుట శోభనిచ్చును. చెప్పునపుడు అన్ని మందిరములకు ఒకే దినమున, ఒకే మాట చెప్పవలెను. రెండవ వేళ సాయంకాలము ఆరు మొదలు పది వరకు. ఈ నాలుగు గంటలలో అనుమతి పొందిన మైకు చట్టము ప్రకారము మ్రోగవచ్చును. శ్రీరామనవమి పందిళ్లు, జాతరలు, పెండ్లిండ్లు పరీక్షల మాసములలోనే వచ్చుట మన పంచాంగము చేసిన ఏర్పాటు, దానిని మార్చలేము. ఇచ్చట పని చేయునది చట్టము కాదు, గ్రామసభ మాట.

ఆ డెల్టా గ్రామము సర్పంచి గారు ఒక గృహిణి. బాలిక సమాధానమును ఆమెకు చెప్పితిమి. ఆమె మైకు ఆపించెదనని ప్రతిజ్ఞ చేయలేదు. మైకు సెట్లు అద్దెకిచ్చు ఇద్దరిని పిలిపించినది. "మీ వ్యాపారం నేను చెడగొట్టను. మీ పిల్లలు కూడా పరీక్షలకే పోతున్నారు. స్తంభాలకు కట్టకండి. పందిరి లోపల, పందిరి వైపుకే పెట్టండి" అని చెప్పినది. వారిలో ఒకని కొడుకు నిజముగానే పదవ తరగతి. నాలుగు స్పీకర్లకు మారుగా రెండు, వీధి వైపు కాక పందిరి వైపు – ఇంతే ఒప్పందము. పెండ్లివారికి లోటు రాలేదు. పాట పందిరిలో వినబడెను.

గుడి స్పీకరు విషయము అంత తేలికగా తేలలేదు. తాతల నాటి నుండి వచ్చు సుప్రభాతము ఆపుట అపచారమని కొందరు వాదించిరి. తాతల నాడు మైకు లేదని ఒక వృద్ధుడే జవాబు చెప్పెను. మేము తిరిగివచ్చు నాటికి ఆ చర్చ ఇంకను సాగుచుండెను.

రెండవ మార్గము ఒక నిశ్శబ్దమైన గదిని చూపుట. ఒంటి గది ఇండ్లలోని పిల్లలకు మన మెంత బోధించినను టీవీ ఆగదు. ఆ ఇంటిలోని ముసలివారికి అదొక్కటే కాలక్షేపము. గ్రామ గ్రంథాలయమో, పంచాయతీ కార్యాలయమో, పాఠశాలలో ఒక తరగతి గదియో సాయంకాలము ఆరు నుండి తొమ్మిది వరకు తెరచియుంచినచో చాలును. ఇంటి పన్నుతో బాటు గ్రంథాలయ పన్నును వసూలు చేయుచునే యున్నాము గదా! వెలుతురు బాగుగ నుండవలెను. బల్లలు లేకున్న చాపలైనను మంచివే. ఫ్యాను హోరుమనుచున్నదని చింతింపవలదు. ఏకరీతిగా నుండు ఆ చప్పుడు హాని చేయదని పైన చెప్పితిమి, పైపెచ్చు దూరపు మాటలను అది కప్పివేయును. బాలికలు చీకటి పడిన తరువాత ఇల్లు చేరుటకు తోడెవరో ముందుగనే నిర్ణయింపవలెను. ఆ ఏర్పాటు లేని గదికి బాలికలు రారు, వారి తల్లిదండ్రులు పంపరు.

ఒకప్పుడు పంచాయతీ రేడియోను చావడి వద్ద పెద్దగా మ్రోగించుట అభివృద్ధికి గురుతుగా నుండెను. ఊరిలో మరియొక రేడియో లేని దినములవి. నేడు ప్రతి చేతిలోను పాట ఉన్నది. ఊరంతటికి ఒకే పాట వినిపింపవలసిన అవసరము తీరినది.

పదవ తరగతి పరీక్షలు సాధారణముగా మార్చి, ఏప్రిల్ మాసములలో జరుగుచున్నవి. మైకు సెట్లవారు పెండ్లి ముహూర్తములకు బయానాలు తీసికొనునది అంతకు ఎంతో ముందు. కావున ఈ చర్చ మార్చిలో పెట్టుకొనిన ఫలము లేదు. జనవరి సమావేశములోనే పెట్టవలెను. ఆ సమావేశమునకు మైకు సెట్లవారిని, మందిరముల పెద్దలను, పాఠశాల ప్రధానోపాధ్యాయుని పిలువుడు. పదవ తరగతి నుండి ఇద్దరు పిల్లలను కూడ పిలిచి, ఏ వేళలో ఏ వీధిలో చదువలేకపోవుచున్నారో వారి నోటనే చెప్పింపుడు.